థామస్ హెన్రీ హాలండ్

సర్ థామస్ హెన్రీ హాలండ్ (నవంబర్ 22, 1868 - మే 15, 1947) ప్రముఖ బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త, విద్యావేత్త, పరిపాలకుడు. ఇతడు 1890లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరి, 1903లో ఆ సంస్థకు డైరెక్టర్ అయ్యాడు. దక్షిణ భారతదేశంలోను, తూర్పు కనుమలలోను విస్తారంగా కనిపించే చార్నొకైటు అనే శిలకు ఆ పేరు పెట్టినది ఇతడే. ఉష్ణమండలపు కొండలపై ఏర్పడే ఎర్రని లేటరైట్ కేవలం ఒక రకం బంకమట్టి కాదని, అందులో అల్యూమినియం హైడ్రాక్సైడ్ విడిగా ఉంటుందని 1903లో వాదించినవారిలో ఇతడు ముఖ్యుడు. అరకు లోయ చుట్టుపక్కల కొండలపై ఉన్న బాక్సైట్ నిక్షేపాలను అర్థం చేసుకోవడానికి ఈ వాదన కీలకమైనది. ఇతడు తరువాతి కాలంలో భారత పారిశ్రామిక కమిషన్ అధ్యక్షుడుగా, వైస్రాయి కార్యనిర్వాహక మండలి సభ్యుడుగా, లండన్ ఇంపీరియల్ కళాశాల రెక్టరుగా, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం ప్రిన్సిపాలుగా పనిచేశాడు.

బాల్యము, విద్యాభ్యాసము

హాలండ్ ఇంగ్లాండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ ప్రాంతంలో, హెల్‌స్టన్ పట్టణంలో జన్మించాడు. కార్న్‌వాల్ తగరము, రాగి గనులకు పేరుపొందిన సీమ. తెల్లని చైనా మట్టి తవ్వకాలకు కూడా ఈ ప్రాంతం ప్రసిద్ధి. గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ మార్పు చెంది మెత్తని తెల్లమట్టిగా మారిన చోటు అది.

హాలండ్ పదహారవ ఏట ఉపకార వేతనం సంపాదించి లండన్‌లోని రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లో చేరాడు. అక్కడ భూగర్భ శాస్త్ర ఆచార్యుడైన జాన్ వెస్లీ జడ్ శిలలను సూక్ష్మదర్శినితో పరీక్షించే విద్యలో నిపుణుడు. రాతి ముక్కను గాజు పలకకు అతికించి, సుమారు 0.03 మిల్లీమీటరు మందం వచ్చేవరకు అరగదీస్తే, అందులోని చాలా ఖనిజాల గుండా కాంతి ప్రసరిస్తుంది. అప్పుడు ఒక్కొక్క ఖనిజాన్ని దాని రంగు, కాంతిని వంచే తీరును బట్టి గుర్తించవచ్చును. హాలండ్ ఈ విద్యను జడ్ వద్ద అభ్యసించాడు. 1888లో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడై, కొంతకాలం జడ్‌కు సహాయకుడుగా, ఆ తరువాత మాంచెస్టర్‌లోని ఓవెన్స్ కళాశాలలో పరిశోధకుడుగా ఉన్నాడు.

భారతదేశంలో ఉద్యోగం

1890లో హాలండ్ కలకత్తా చేరి జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో అసిస్టెంట్ సూపరింటెండెంట్‌గా నియమితుడయ్యాడు. అప్పటికి సర్వే సంస్థ స్థాపించి దాదాపు నలభై ఏళ్ళు. బొగ్గు క్షేత్రాలు, శిలాజాలు, స్తరాల వరుస మీద ఎంతో పని జరిగింది కాని, ద్వీపకల్పంలోని అతి ప్రాచీన స్ఫటిక శిలలను సూక్ష్మదర్శినితో క్రమపద్ధతిలో పరీక్షించే పని వెనుకబడి ఉంది. హాలండ్‌కు సంస్థ మ్యూజియం బాధ్యత కూడా అప్పగించబడింది. అనేక ప్రాంతాల నుండి వచ్చిన రాతి నమూనాలు ఈ విధంగా అతని చేతికి అందాయి.

తరువాతి పన్నెండేళ్ళలో ఇతడు మద్రాసు ప్రెసిడెన్సీలోని నల్లరాతి డైకులు, కురువిందం, కోయంబత్తూరు జిల్లా శివమలైలోని ప్రత్యేక శిలలు, భారతదేశపు అభ్రకం నిక్షేపాలు మొదలైన విషయాలపై గ్రంథాలు ప్రచురించాడు. 1902లో వెలువడిన అభ్రకం గ్రంథంలోని విషయం నెల్లూరు జిల్లా గనులకు దగ్గరి సంబంధం కలది.

చార్నొకైటు నామకరణం

కలకత్తా నగర స్థాపకుడుగా ఆంగ్లేయులు భావించిన జోబ్ చార్నొక్ సమాధి ఆ నగరంలోని సెయింట్ జాన్ చర్చి ఆవరణలో ఉన్నది. సమాధిపై ఉన్న నల్లని ఫలకం రాయి బెంగాలులో దొరికేది కాదు. హాలండ్ దానిని పరీక్షించి, అది మద్రాసు సమీపంలోని సెయింట్ థామస్ మౌంట్, పల్లావరం ప్రాంతపు శిలయేనని తేల్చాడు. ఇందులో క్వార్ట్‌జ్, ఫెల్డ్‌స్పార్‌లతో పాటు హైపర్‌స్థీన్ అనే ఖనిజం ఉంటుంది. 1893లో ఈ విషయాన్ని ప్రకటిస్తూ, చార్నొక్ పేరు మీదుగా ఈ శిలకు చార్నొకైటు అని పేరు పెట్టాడు. భారతదేశంలో పుట్టి ప్రపంచ భూగర్భ శాస్త్ర పదజాలంలో చేరిన పేర్లలో ఇది ఒకటి. నేడు అంటార్కిటికా, శ్రీలంక, ఆఫ్రికా శిలలకు కూడా ఇదే పేరు వాడుతున్నారు.

1900లో హాలండ్ చార్నొకైటు శ్రేణిపై ప్రత్యేక గ్రంథం ప్రచురించాడు. లేతరంగు శిలల నుండి నల్లని శిలల వరకు ఉన్న ఈ కుటుంబమంతా ద్రవరూప శిలాద్రవం చల్లారడం వలన ఏర్పడినదని అతని అభిప్రాయం. భూమిలోపల చాలా లోతున, అధిక ఉష్ణోగ్రత, పీడనాల వద్ద రూపాంతరం చెందడం ఈ శిలల చరిత్రలో ముఖ్యమైనదని తరువాతి పరిశోధకులు తేల్చారు. ఈ విషయంలో హాలండ్ నిర్ణయం చాలావరకు సవరణకు గురి అయినది. అతడు వర్ణించిన ఖనిజ స్వరూపం మాత్రం నిలిచింది.

గోహ్నా సరస్సు

1893 సెప్టెంబరులో గఢ్వాల్ హిమాలయాలలో పెద్ద కొండచరియ విరిగిపడి, అలకనంద ఉపనది అయిన బిరేహి గంగకు అడ్డంగా నిలిచింది. దాని వెనుక గోహ్నా సరస్సు ఏర్పడింది. 1894 ఆరంభంలో హాలండ్ ఆ స్థలాన్ని పరిశీలించాడు. సరస్సు ఆగస్టు మధ్య ప్రాంతంలో నిండి పొర్లుతుందని అంచనా వేశాడు. ప్రభుత్వం తంతి తీగలు వేసి, దిగువ గ్రామాలను ఖాళీ చేయించింది. 1894 ఆగస్టు 25న నీరు కట్ట మీదుగా పొర్లింది. ఆ రాత్రి కట్టలో కొంత భాగం తెగి వచ్చిన వరదకు శ్రీనగర్ పట్టణం తుడిచిపెట్టుకుపోయింది. హెచ్చరికను పెడచెవిన పెట్టి తిరిగి వెళ్ళిన ఒక ఫకీరు కుటుంబం తప్ప మరెవరూ చనిపోలేదు. మిగిలిన సరస్సు 1970 వరదలలో తెగిపోయింది.

సర్వే సంస్థ అధిపతిగా

1903లో హాలండ్ తన 34వ ఏట డైరెక్టర్‌గా నియమితుడయ్యాడు. ఈ నియామకం వివాదాస్పదమైనది. అప్పటికి సర్వేలో ప్రమథనాథ బోస్ అతనికంటె పదేళ్ళు సీనియరు. 1880లో ఉద్యోగంలో చేరిన బోస్‌ను కాదని హాలండ్‌ను నియమించడంతో బోస్ రాజీనామా చేశాడు. ఆ తరువాత మయూర్‌భంజ్ సంస్థానంలో పనిచేస్తూ, అక్కడి ఇనుప ఖనిజం గురించి 1904లో జంషెడ్జీ టాటాకు తెలియజేసినది ఈ బోసే. టాటా ఉక్కు కర్మాగారానికి అది పునాది అయినది. భారతీయ ఉద్యోగులకు నాడు పై పదవులు ఎంత దూరంగా ఉండేవో ఈ ఉదంతం తెలుపుతుంది.

డైరెక్టర్‌గా హాలండ్ ఖనిజోత్పత్తి లెక్కలను ఐదేళ్ళకొకమారు సమగ్రంగా ప్రచురించే పద్ధతిని స్థిరపరిచాడు. 1906లో భారత గనుల, భూగర్భ శాస్త్ర సంఘం ఏర్పడడానికి తోడ్పడ్డాడు. భారతదేశపు స్తరాలకు పురాణ, ద్రావిడ, ఆర్య అనే దేశీయ పేర్లతో వర్గీకరణ సూచించాడు. కడప, కర్నూలు శిలాస్తరాలు ఇందులో పురాణ వర్గంలోకి వస్తాయి. రాజస్థాన్‌లోని సాంబర్ సరస్సుకు ఉప్పు ఎక్కడిదన్న ప్రశ్నకు, కచ్ రణం నుండి వేసవి గాలులు ఉప్పు ధూళిని మోసుకువస్తున్నాయని సహచరుడితో కలిసి కొలతలు తీసి వాదించాడు.

లేటరైట్ పరిశోధన

లేటరైట్ అనే పేరును ఫ్రాన్సిస్ బుకానన్ 1807లో ప్రచురించిన తన యాత్రా గ్రంథంలో వాడాడు. మలబారులో నేల నుండి మెత్తగా ఉండగా కోసి తీసి, ఎండలో గట్టిపడిన తరువాత ఇటుకలుగా వాడే ఎర్రని పదార్థానికి, ఇటుక అనే అర్థం గల లాటిన్ పదం నుండి ఈ పేరు పెట్టాడు. తరువాతి శతాబ్దంలో చాలామంది దీనిని ఇనుము కలిసిన బంకమట్టిగానే భావించారు.

దీనిలో ఒక చిక్కు ఉన్నది. బంకమట్టిలో ప్రధానమైన కేయోలినైట్ ఖనిజంలో అల్యూమినా, సిలికా, నీరు రసాయనికంగా కలిసి ఉంటాయి. శుద్ధమైన కేయోలినైట్‌లో సిలికా సుమారు 46.5 శాతం, అల్యూమినా 39.5 శాతం, నీరు 14 శాతం. గిబ్‌సైట్ అనే ఖనిజంలో సిలికా అసలే ఉండదు. అందులో అల్యూమినా సుమారు 65 శాతం, మిగిలినది నీరు. మొదటిది కుమ్మరికి, పింగాణీ పరిశ్రమకు పనికివస్తుంది. రెండవది అల్యూమినియం లోహానికి ముడిపదార్థమైన బాక్సైట్‌లోని ముఖ్య ఖనిజాలలో ఒకటి. కంటికి మాత్రం రెండూ మట్టే. వీటి రేణువులు చాలావరకు మిల్లీమీటరులో వెయ్యవ వంతుకు అటు ఇటుగా ఉండడం వలన మామూలు సూక్ష్మదర్శిని కింద కూడా మసకగానే కనిపిస్తాయి.

1898లో జర్మన్ శాస్త్రవేత్త మాక్స్ బావర్ సెషెల్స్ దీవుల లేటరైట్‌లో గిబ్‌సైట్ ఉన్నదని చూపాడు. హాలండ్ దీనిని భారతదేశపు లేటరైట్‌కు అన్వయించి, 1903లో జియలాజికల్ మ్యాగజైన్ అనే పత్రికలో దాని సంఘటన, పుట్టుక, నీరు కోల్పోయి గట్టిపడే తీరులపై వ్యాసం ప్రచురించాడు. అదే సంవత్సరం అదే పత్రికలో హెచ్. వార్త్, ఎఫ్. జె. వార్త్ భారతీయ లేటరైట్ల రసాయనిక విశ్లేషణలు ప్రకటించారు. ఒక నమూనాలోని సిలికా అంతా బంకమట్టిలోనే ఉన్నదని అనుకున్నా, దానికి సరిపోయే అల్యూమినా పోగా ఇంకా మిగులు ఉంటే, ఆ మిగులు హైడ్రాక్సైడ్ రూపంలో ఉండి తీరాలి. మంచి లేటరైట్లలో అటువంటి మిగులు కనిపించింది.

సిలికాను అల్యూమినా నుండి విడదీసినది ఏమిటన్న ప్రశ్నకు హాలండ్ విచిత్రమైన సమాధానం సూచించాడు. చల్లని దేశాలలో ఫెల్డ్‌స్పార్ బంకమట్టి దశలోనే ఆగిపోతుండగా, ఉష్ణమండలంలో మాత్రం మరొక మెట్టు ముందుకు పోవడానికి అక్కడి నేలలో జీవించే సూక్ష్మజీవులు కారణం కావచ్చునని భావించాడు. ఇది ఊహగానే మిగిలిపోయింది. వేడి, అధిక వర్షపాతం, నీరు నిలువక ఇంకిపోయే నేల ముఖ్య కారణాలని తరువాత తేలింది. శిలలు శిథిలం కావడంలో సూక్ష్మజీవులకు కొంత పాత్ర ఉన్నదని మాత్రం నేటి శాస్త్రవేత్తలు అంగీకరిస్తున్నారు.

అరకు లోయ, తూర్పు కనుమలతో సంబంధం

అరకు లోయ పరిసర కొండలు ప్రధానంగా ఖోండలైటు, చార్నొకైటు శిలలతో ఏర్పడినవి. ఖోండలైటు అనే పేరును సర్వే సంస్థలో హాలండ్ సహోద్యోగి అయిన థామస్ లియొనార్డ్ వాకర్ కలహండి సంస్థానంలో చేసిన పరిశోధన ఆధారంగా 1902లో ప్రవేశపెట్టాడు. ఆ కొండలలో నివసించే ఖోండు గిరిజనుల పేరే దీనికి మూలం. ఇందులో క్వార్ట్‌జ్, ఫెల్డ్‌స్పార్, గార్నెట్, సిలిమనైట్, కొంత గ్రాఫైట్ ఉంటాయి. కోణార్క సూర్యదేవాలయం, పూరీ జగన్నాథాలయం ఈ రాతితో కట్టినవే. కొత్తవలస - కిరండూల్ రైలు మార్గంలో సొరంగాల ప్రక్కన కోసిన కొండ అంచులలో శిథిలమవుతున్న ఈ శిలల ఎరుపు, తెలుపు, పసుపు చారలు ప్రయాణికులకు కనిపిస్తాయి.

ఈ కొండల నెత్తిన సాధారణంగా ఒక వరుస ఉంటుంది. అన్నిటికంటె పైన గట్టి ఎర్రని లేటరైట్, దాని కింద బాక్సైట్, దాని కింద తెల్లబారి మెత్తబడి బంకమట్టిగా మారుతున్న ఖోండలైటు, అడుగున చెక్కుచెదరని రాయి. ఫెల్డ్‌స్పార్ మొదట కేయోలినైట్‌గా, పిదప సిలికాను కోల్పోయి గిబ్‌సైట్‌గా మారడం, గార్నెట్‌లోని ఇనుము తుప్పురంగు ఖనిజాలుగా మిగలడం ఇందుకు కారణం. హాలండ్ 1903లో చర్చించిన మార్పు కొండ కోతలో ఈ విధంగా కనిపిస్తుంది.

1970వ దశకంలో సర్వే సంస్థ తూర్పు తీరపు బాక్సైట్ నిక్షేపాలను విస్తృతంగా అన్వేషించింది. అనంతగిరి ప్రాంతంలోని గాలికొండ, రక్తకొండ, చింతపల్లి ప్రాంతంలోని జెర్రెల, సప్పర్ల నిక్షేపాలు ఇందులో ముఖ్యమైనవి. అప్పటినుండి మట్టి సంఘటన శాస్త్ర విషయంగా మాత్రమే మిగలక, గిరిజనుల జీవనానికి సంబంధించిన విషయమైంది. కొండ నెత్తిన ఉన్న ఈ పొర వాననీటిని ఇంకించుకొని గెడ్డలకు ఏడాది పొడవునా ఊట ఇస్తుందని, దానిని తవ్వితే దిగువ పొలాలు, కాఫీ తోటలు ఎండుతాయని గిరిజనులు, పర్యావరణవాదులు వాదించారు. అనంతగిరి మండలంలోని గనుల లీజులపై సమత సంస్థ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1997లో తీర్పు ఇస్తూ, షెడ్యూల్డు ప్రాంతాలలో ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకు ఇవ్వరాదన్నది. విశాఖ మన్యంలో ఇచ్చిన బాక్సైట్ లీజులను ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 2019లో రద్దు చేసింది. ఈ ప్రాంతం 2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది.

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఇచ్చిన సమాధానం

హాలండ్ కాలంలో మట్టి సంఘటనను రసాయనిక లెక్కతో ఊహించడమే తప్ప రేణువును చూసే వీలు లేకపోయింది. కాంతి సూక్ష్మదర్శిని మిల్లీమీటరులో ఐదువేలవ వంతు కంటె చిన్న వివరాలను విడదీసి చూపలేదు. 1920లు, 1930లలో ఎక్స్-కిరణాల సహాయంతో బంకమట్టిలోనివి స్ఫటికాలేనని తేలింది. 1931లో మాక్స్ నోల్, ఎర్నెస్ట్ రుస్కా బెర్లిన్‌లో తొలి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిని నిర్మించారు. 1940 ప్రాంతానికి జర్మన్ శాస్త్రవేత్తలు దానితో బంకమట్టిని చిత్రించారు. అప్పటికి హాలండ్ డెబ్బై ఏళ్ళ వృద్ధుడు.

ఈ పరికరంలో కేయోలినైట్ ఆరు అంచుల పలుచని బిళ్ళలుగా, పుస్తకం పుటల వలె దొంతరలుగా కనిపిస్తుంది. అదే సంఘటన గల హాలోయ్‌సైట్ సన్నని గొట్టాలుగా ఉంటుంది. ఎలక్ట్రాన్ పుంజం తగిలిన ప్రతి మూలకం తనకే ప్రత్యేకమైన ఎక్స్-కిరణాలను వెలువరిస్తుంది. వాటిని కొలిస్తే రేణువులో ఏ మూలకం ఎంత ఉన్నదో అంచనా వేయవచ్చును. అల్యూమినియం, సిలికాన్ దాదాపు సమానంగా కనిపిస్తే అది కేయోలినైట్ అని, సిలికాన్ లేక అల్యూమినియం మాత్రమే కనిపిస్తే గిబ్‌సైట్ కావచ్చునని గ్రహిస్తారు.

ఈ పద్ధతికి పరిమితులు ఉన్నాయి. దట్టమైన నమూనాలో ఎలక్ట్రాన్లు కొన్ని మైక్రోమీటర్ల లోతు వరకు చొచ్చుకొనిపోతాయి. బంకమట్టి రేణువు అంతకంటె చిన్నది కనుక పక్క రేణువుల సంకేతం కూడా కలిసిపోతుంది. హైడ్రోజన్ ఈ పద్ధతికి కనబడదు కాబట్టి ఖనిజంలోని నీటిని నేరుగా కొలవలేము. అందుచేత ఎక్స్-కిరణ వివర్తనం, వేడిచేసి బరువు తగ్గుదల కొలిచే పద్ధతి కూడా జోడించి నిర్ణయిస్తారు.

ఈ పరిశోధనల వలన హాలండ్ వాదం చాలావరకు స్థిరపడింది, కొంత సవరించబడింది. బాక్సైట్ పొరలో గిబ్‌సైట్ ప్రధానమన్నది నిజమే. లేటరైట్ అంతా హైడ్రాక్సైడే అనుకొనరాదు. అనేక లేటరైట్లలో కేయోలినైట్ గణనీయంగా ఉంటుంది. రెండింటి పాళ్ళు కొండను బట్టి, ఒకే కొండలో పొరను బట్టి మారుతాయి.

పారిశ్రామిక కమిషన్, రాజీనామా

హాలండ్ సర్వేను వదలి మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్ర ఆచార్యుడుగా కొన్నేళ్ళు పనిచేశాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ప్రభుత్వం అతనిని తిరిగి భారతదేశానికి పిలిపించింది. 1916-18 నాటి భారత పారిశ్రామిక కమిషన్‌కు అధ్యక్షత వహించాడు. మదన మోహన మాలవీయ, దోరాబ్జీ టాటా, రాజేంద్రనాథ ముఖర్జీ మొదలైనవారు ఇందులో సభ్యులు. పరిశ్రమల అభివృద్ధిలో ప్రభుత్వం చురుకైన పాత్ర వహించాలని కమిషన్ సిఫారసు చేసింది. మాలవీయ తన భిన్నాభిప్రాయాన్ని విడిగా నమోదు చేశాడు. 1917లో యుద్ధ సామగ్రి బోర్డుకు హాలండ్ అధ్యక్షుడయ్యాడు.

1920లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడయ్యాడు. యుద్ధ సామగ్రి సరఫరాలో మోసానికి సంబంధించి కలకత్తాలో నడుస్తున్న ఒక కేసును ప్రభుత్వం ఉపసంహరించుకోవడంతో తీవ్ర విమర్శ చెలరేగింది. ఆ నిర్ణయానికి బాధ్యుడైన హాలండ్ 1921లో పదవికి రాజీనామా చేశాడు. భారతదేశంలో అతని ఉద్యోగ జీవితం అంతటితో ముగిసింది.

చివరి దశ

1922 నుండి 1929 వరకు లండన్ ఇంపీరియల్ కళాశాల రెక్టరుగా, 1929 నుండి 1944 వరకు ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం ప్రిన్సిపాలుగా పనిచేశాడు. ఖనిజ వనరులు దేశాల మధ్య అసమానంగా పంపిణీ కావడం, యుద్ధంలోను శాంతిలోను వాటి పాత్ర అతని ఉపన్యాసాలలో ప్రధాన విషయం. 1896లో ఫ్రాన్సెస్ మాడ్ చాప్‌మన్‌ను వివాహమాడాడు. వారికి ఒక కుమారుడు, ఒక కుమార్తె. ఆమె మరణానంతరం 1946లో మరల వివాహం చేసుకున్నాడు. 1947 మే 15న మరణించాడు.

గౌరవాలు

1904లో రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యాడు.
1908లో కె.సి.ఐ.ఇ., 1918లో కె.సి.ఎస్.ఐ. బిరుదులు పొందాడు.
1913లో లండన్ జియలాజికల్ సొసైటీ బిగ్స్‌బీ పతకం లభించింది.
1929లో బ్రిటిష్ అసోసియేషన్‌కు అధ్యక్షుడయ్యాడు.
హాలండైట్ అనే మాంగనీసు ఖనిజానికి సర్వే శాస్త్రవేత్త లూయిస్ లీ ఫెర్మర్ 1906లో ఇతని పేరు పెట్టాడు.

శాస్త్ర చరిత్రలో స్థానం

హాలండ్ తీర్మానాలలో కొన్ని నిలిచాయి, కొన్ని నిలువలేదు. చార్నొకైటు పుట్టుకపైన, లేటరైట్‌కు సూక్ష్మజీవులు కారణమన్న విషయంపైన అతని అభిప్రాయాలను తరువాతివారు మార్చారు. చార్నొకైటు అనే పేరు, ఎర్రమట్టిలో బంకమట్టిని హైడ్రాక్సైడ్ నుండి వేరుచేసి చూడాలన్న ఆలోచన నిలిచాయి. తూర్పు కనుమల కొండలపై మట్టి నమూనా తీసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద ఉంచే విద్యార్థి నేటికీ అందులో వెదికేది ఈ భేదాన్నే.